కరెంటు లేని చోట నీళ్లతో చల్లదనం: ట్యాంకు కంటే ముందు రేడియేటర్ లెక్క చూడాలి

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. కరెంటు లైను రాని చోట, సౌర ఫలకాలతో నడిచే పరికరాలూ బ్యాటరీలూ ఉన్న క్యాబినెట్‌ను పంపు, ఫ్యాను ఏవీ లేకుండా నీళ్లతోనే చల్లగా ఉంచవచ్చా, ఉంచాలంటే ఎన్ని లీటర్లు కావాలి అన్నది మొదటిది. అదే పద్ధతి మనుషులుండే గదికీ, చలికాలంలో వెచ్చదనానికీ పనికొస్తుందా అన్నది రెండోది. రెండూ సాధ్యమే. అయితే ఈ విషయంలో దాదాపు అందరూ లీటర్ల లెక్కతోనే మొదలుపెడతారు. మొదలుపెట్టవలసింది అక్కడ కాదు.

నీళ్లు తమంతట తాము దేన్నీ చల్లబరచవు. పగలు వచ్చిన వేడిని తమలో ఉంచుకుని, దాన్ని బయటికి పంపే అవకాశం దొరికేదాకా పరికరాల మీద పడకుండా ఆపుతాయి, అంతే. రాత్రి ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే ట్యాంకు ఎంత పెద్దదైనా కొద్ది రోజుల్లో బయటి సగటు ఉష్ణోగ్రతకు చేరి, లోపలి పరికరాలు పుట్టించే వేడి వల్ల దాన్ని దాటి, అక్కడే నిలిచిపోతుంది. కాబట్టి ముందుగా తేల్చుకోవలసింది వేడి ఎక్కడికి పోతుందన్నది, తరువాత అది పోయే చోటికి నీళ్లు వాటంతట అవే ఎలా చేరుతాయన్నది. లీటర్ల లెక్క ఈ రెండింటి తరువాత వస్తుంది, అది చాలా సులువైన లెక్క కూడా.

వేడిని దాచడానికి నీళ్లనే ఎందుకు ఎంచుకుంటామో క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. ఒక ఘనపు మీటరు నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి దాదాపు 4,180 కిలోజౌళ్లు పడుతుంది. అదే పరిమాణం కాంక్రీటుకు సుమారు 2,000 కిలోజౌళ్లు సరిపోతాయి, గాలికైతే 1.2 మాత్రమే. అంటే ఒక లీటరు నీరు పట్టి ఉంచే వేడికి 3,500 లీటర్ల గాలి కావాలి. పైగా కాంక్రీటు గోడలో వేడి ఒక ముఖం నుంచి రెండో ముఖానికి గంటల తరబడి మెల్లగా పాకుతుంది. నీళ్లలోనైతే పక్క నుంచో కింది నుంచో తగిలిన వేడితో లోపలే ప్రవాహాలు పుట్టి, అది కాసేపట్లోనే ట్యాంకంతా పంచుకుపోతుంది.

ఇక వేడి పోయే దారుల సంగతి. ఇవి మూడు: రాత్రి ఆకాశం, రాత్రి గాలి, ఆవిరి. వీటిలో ఆకాశాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. మబ్బు లేని పొడి రాత్రి ఆకాశం, వికిరణం (వస్తువులు వేడిని కిరణాలుగా వెదజల్లడం) దృష్ట్యా, చుట్టూ ఉన్న గాలి కంటే పది నుంచి ఇరవై డిగ్రీలు చల్లగా ఉన్న కప్పులా పనిచేస్తుంది. ఆ రాత్రి ఆకాశం వైపు తెరిచి ఉంచిన చదరపు మీటరు ఉపరితలం నికరంగా 50 నుంచి 100 వాట్ల దాకా వేడిని కోల్పోతుంది. ఇరాన్ ఎడారుల్లో లోతు తక్కువ మడుగుల్లో నీళ్లు నిలిపి, గాలి ఉష్ణోగ్రత సున్నాకు పైనే ఉన్న రాత్రుల్లో కూడా మంచు గడ్డ కట్టించిన పాత పద్ధతికి ఆధారం ఇదే. లెక్కకు నేను 60 వాట్లే తీసుకుంటాను, ఎందుకంటే ప్రతి రాత్రీ నిర్మలంగా ఉండదు. మబ్బు పట్టిన రాత్రి ఈ సంఖ్య బాగా పడిపోతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే మబ్బు లేకపోయినా తగ్గుతుంది, ఎందుకంటే నీటి ఆవిరి తానే వేడిని కిందికి వెదజల్లుతుంది.

వేడిని ఇలా ఆకాశానికి వెదజల్లడానికి బయట పెట్టే, లోపల నీళ్లు పారే ఫలకాన్నే రేడియేటర్ అంటున్నాను. దాని ఉపరితలం సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. రేడియేటర్‌గా మెరిసే అల్యూమినియం రేకును వాడితే అది ఎండను తిప్పికొడుతుంది కాబట్టి మంచిదనిపిస్తుంది, కానీ అదే మెరుపు రాత్రి వికిరణాన్ని కూడా ఆపేస్తుంది. మెరిసే లోహం ఉద్గారత, అంటే వేడిని వెదజల్లే సామర్థ్యం, గరిష్ఠం 1 అనుకుంటే 0.1 కంటే తక్కువే ఉంటుంది. మామూలు తెల్ల పెయింటు పూసిన రేకుది 0.9 దాకా ఉంటుంది. వెదజల్లే విషయంలో నల్ల పెయింటుకూ తెల్ల పెయింటుకూ తేడా దాదాపు లేదు, తేడా అంతా ఎండను పీల్చుకోవడంలోనే. కాబట్టి చల్లబరిచే రేడియేటర్‌కు తెల్ల పెయింటు, వేడెక్కించే ఫలకానికి నల్ల పెయింటు వేయాలి. దుమ్ము పడకుండా రేడియేటర్ మీద గాజు పలక పెట్టాలన్న ఆలోచన వస్తే మానుకోండి. గాజు ఆ వికిరణాన్ని బయటికి పోనివ్వదు.

ఆవిరి దారి బలం వేరు. మామూలు ఉష్ణోగ్రతల్లో ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 2,430 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. ఒక చదరపు మీటరు రేడియేటర్ పది గంటల రాత్రిలో 60 వాట్ల చొప్పున పంపేది 2,160 కిలోజౌళ్లు. అంటే ఒక లీటరు నీరు ఆవిరైపోతే చదరపు మీటరు రేడియేటర్ రాత్రంతా చేసిన పని అయిపోయినట్టే. అయినా ఎవరూ వెళ్లని చోట ఉన్న క్యాబినెట్‌కు నేను దీన్ని సిఫార్సు చేయను. పోయిన నీటిని ఎవరో ఒకరు తెచ్చి పోయాలి, ఆవిరైన ప్రతి లీటరూ తన ఉప్పును వెనక వదిలి పొరలు కట్టిస్తుంది. మనుషులుండే ఇంటి పైకప్పును రాత్రి తడిపి ఉంచడం మాత్రం చక్కగా పనిచేస్తుంది. దాని హద్దు తడి బల్బు ఉష్ణోగ్రత, అంటే నీరు ఆవిరవడం వల్ల చేరగల అతి తక్కువ ఉష్ణోగ్రత: 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉంటే అది 22, 23 డిగ్రీల దగ్గర ఉంటుంది, 35 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే 32 దగ్గర ఉంటుంది. రెండో చోట ఎన్ని నీళ్లు చల్లినా ఉక్కపోత తప్ప మరేమీ మిగలదు. నిజానికి పగటికీ రాత్రికీ తేడా తక్కువగా ఉండి, గాలి తేమగా ఉండే ప్రాంతాల్లో ఈ మూడు దారులూ ఒకేసారి బాగా బలహీనపడతాయి. అక్కడ నీడ, ఇన్సులేషన్, గాలి ఆడటం మీద ఖర్చు పెట్టడం మేలు.

ఇప్పుడు నీళ్లను పంపు లేకుండా నడిపించే విషయం. ఈ ఏర్పాటు మొత్తంలో నాకు బాగా నచ్చే భాగం ఇదే. ట్యాంకు క్యాబినెట్ లోపల, పైకప్పుకు దగ్గరగా ఉంటుంది. రేడియేటర్ బయట, ట్యాంకు కంటే ఎత్తులో, కొద్దిగా వాలుగా ఉంటుంది. ట్యాంకు పైభాగం నుంచి ఒక పైపు రేడియేటర్ ఎగువ అంచుకు, రేడియేటర్ దిగువ అంచు నుంచి మరో పైపు ట్యాంకు అడుగుకు వెళ్తాయి. రాత్రి రేడియేటర్‌లోని నీరు చల్లబడి బరువెక్కి ట్యాంకు అడుగుకు దిగుతుంది, ట్యాంకు పైనున్న వెచ్చటి నీరు దాని స్థానంలోకి ఎక్కుతుంది. తెల్లవారి ఎండ తగలగానే రేడియేటర్‌లోని నీరు తేలికవుతుంది. అది అప్పటికే పైన ఉంది కాబట్టి కిందికి దిగదు, ప్రవాహం తనంతట తానే ఆగిపోతుంది. వాల్వు లేదు, స్విచ్చి లేదు, సెన్సర్ లేదు. ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అన్న అమరికే వేడిని ఒక్క దిక్కుకే పోనిస్తుంది. దీన్నే థెర్మోసైఫన్ అంటారు.

అయితే దీన్ని నడిపించే బలం ఎంత చిన్నదో ముందే తెలుసుకుంటే పైపుల విషయంలో జాగ్రత్త వస్తుంది. 20, 30 డిగ్రీల నీటి మధ్య సాంద్రత తేడా ఘనపు మీటరుకు రెండున్నర కిలోలే. మీటరు ఎత్తుకు దాని వల్ల వచ్చే పీడనం 25 పాస్కల్‌లు, అంటే రెండున్నర మిల్లీమీటర్ల నీటి మట్టం. వాస్తవంలో రెండు పైపుల మధ్య తేడా మూడు నాలుగు డిగ్రీలకు మించదు కాబట్టి దొరికేది పది పాస్కల్‌ల లోపే. ఇంత మెల్లటి ప్రవాహంలో పైపు లోపలి వ్యాసాన్ని సగం చేస్తే నిరోధం పదహారు రెట్లవుతుంది. 25 మిల్లీమీటర్ల పైపుతో హాయిగా నడిచేది 12 మిల్లీమీటర్ల పైపుతో నిలిచిపోతుంది. మలుపులు తగ్గించండి, ఎల్బోల బదులు పైపును వంచగలిగితే వంచండి. అన్నిటికంటే ముఖ్యం, పైపు ఎక్కడా వాలి మళ్లీ లేవకూడదు. అలాంటి ప్రతి గూనిలోనూ గాలి చేరి కూర్చుంటుంది, దాన్ని తోసేయడానికి పది పాస్కల్‌లు చాలవు. పనిచేయని థెర్మోసైఫన్‌లలో నేను చూసిన దోషం నూటికి తొంభై పాళ్లు ఈ చిక్కుకున్న గాలే. మొత్తం వలయంలో అత్యంత ఎత్తైన చోట గాలి పోయే చిన్న గొట్టం ఒకటి, నీరు వ్యాకోచించడానికి కాస్త ఖాళీ ఉంచాలి.

మీ క్యాబినెట్‌కు లెక్క వేద్దాం. పరికరాల వేడి నిరంతరం 50 వాట్లు అనుకుందాం. గోడల వైశాల్యం 6 చదరపు మీటర్లు, వాటికి 5 సెంటీమీటర్ల మంచి ఫోమ్ ఇన్సులేషన్, పగలు బయటికీ లోపలికీ సగటు తేడా 10 డిగ్రీలు అనుకుంటే గోడల ద్వారా వచ్చేది మరో 36 వాట్లు. ఇది క్యాబినెట్ పూర్తిగా నీడలో ఉంటేనే. ఎండలో నిలబెట్టిన ముదురు రంగు పెట్టె చదరపు మీటరుకు 900 వాట్ల దాకా పీల్చగలదు, అప్పుడు ఈ లెక్కలేవీ నిలవవు. రెండు కప్పులు వేసి మధ్యలో గాలి ఆడనివ్వడం, తెల్ల పెయింటు వేయడం నీళ్ల కంటే ముందు చేయవలసిన పనులు. పద్నాలుగు గంటల పగటికి మొత్తం 86 వాట్ల చొప్పున 1.2 యూనిట్లు, అంటే సుమారు 4,300 కిలోజౌళ్లు. నీరు 5 డిగ్రీల కంటే ఎక్కువ వేడెక్కకూడదనుకుంటే దాదాపు 207 లీటర్లు, అంటే ఒక మామూలు డ్రమ్ము. రాత్రి పది గంటల్లో రేడియేటర్ ఆ 1.2 యూనిట్లతో పాటు ఆ సమయంలో పరికరాలు పుట్టించే మరో అర యూనిట్‌ను కూడా పంపాలి. 60 వాట్ల లెక్కన 2.8 చదరపు మీటర్లు వస్తుంది, 3 తీసుకోండి. మబ్బు రాత్రులు వరుసగా రెండు వస్తాయనుకుంటే ట్యాంకును బాగా పెంచాలి, దానితో పాటు రేడియేటర్‌ను కూడా పెంచాలి, లేకపోతే పోగైన వేడి తరువాతి రాత్రుల్లో తీరదు.

ఇక్కడ ఒక చిక్కుంది, లీటర్లు మాత్రమే చూసేవారికి అది కనిపించదు. క్యాబినెట్‌లోని గాలి నుంచి ట్యాంకులోకి వేడి వెళ్లాలంటే ట్యాంకు ఉపరితలం కావాలి. గాలి కదలికకూ వికిరణానికీ కలిపి చదరపు మీటరుకు, డిగ్రీకి 8 వాట్లు తీసుకుంటే, 2 చదరపు మీటర్ల ఉపరితలం ఉన్న డ్రమ్ము 86 వాట్లను లాక్కోవడానికి గాలి దాని కంటే 5 డిగ్రీలకు పైగా వేడిగా ఉండాలి. తెల్లవారుజామున నీరు 18 డిగ్రీలుండి సాయంత్రానికి 23 అయితే, బ్యాటరీల చుట్టూ గాలి 28 దాటుతుంది. అదే 207 లీటర్లను పలచటి, వెడల్పాటి ట్యాంకులో పోసి 4 చదరపు మీటర్ల ఉపరితలం కల్పిస్తే ఆ తేడా సగమవుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలు 25 డిగ్రీలకు పైన ప్రతి 8, 10 డిగ్రీల పెరుగుదలకూ ఆయుష్షు సగం కోల్పోతాయి కాబట్టి ఆ రెండు మూడు డిగ్రీలు మీకు డబ్బే. అన్నట్టు, ఇన్సులేషన్ మీద శ్రద్ధతో క్యాబినెట్‌ను గాలి చొరబడకుండా మూసేయకండి. ఈ బ్యాటరీల నుంచి వెలువడే హైడ్రోజన్ పోవడానికి పైన, కింద చిన్న రంధ్రాలుండాలి. ట్యాంకు పరికరాల నెత్తి మీద ఉంటుంది కాబట్టి దాని కింద ఒక పళ్లెం, పళ్లెం నుంచి బయటికి కాలువ గొట్టం కూడా తప్పనిసరి.

రాత్రి ఉష్ణోగ్రత సున్నా కిందికి వెళ్లే చోటైతే నీటి వింత గుణం ఒకటి అడ్డొస్తుంది, కొంత సాయమూ చేస్తుంది. నీరు 4 డిగ్రీల దగ్గర అత్యంత బరువుగా ఉంటుంది. అంతకంటే చల్లబడితే మళ్లీ తేలికవుతుంది. రేడియేటర్‌లోని నీరు 4 కంటే కిందికి పోగానే అది కిందికి దిగడం మానేస్తుంది, ట్యాంకు ఆ దాపునే నిలబడిపోతుంది. ట్యాంకు బతుకుతుంది, కానీ రేడియేటర్‌లో నిలిచిన నీరు గడ్డకట్టి దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది, గట్టి లోహపు గొట్టాలను చీల్చేస్తుంది. గ్లైకాల్ (నీరు గడ్డకట్టకుండా కలిపే ద్రవం) కలిపితే గడ్డకట్టదు గానీ ఈ 4 డిగ్రీల దగ్గర ఆగే గుణం కూడా పోతుంది, ట్యాంకు అంతకంటే చల్లబడిపోవచ్చు. కాబట్టి గ్లైకాల్ వాడేవారు చలికాలంలో మూసేందుకు ఒక వాల్వు పెట్టుకోవాలి.

గదుల విషయానికి వస్తే, ఇదే సూత్రాన్ని పెద్ద ఎత్తున చేసినవారున్నారు. అమెరికాలో హెరాల్డ్ హే 1960ల చివర ఫీనిక్స్‌లో ప్రయోగాత్మక గది కట్టి, 1973లో కాలిఫోర్నియాలోని అటాస్కడేరోలో పూర్తి ఇల్లు నిర్మించారు. లోహపు పైకప్పు మీద నీళ్లు నింపిన ప్లాస్టిక్ సంచులు, వాటిపైన జరిగే ఇన్సులేషన్ పలకలు. వేసవిలో పలకలను పగలు మూసి రాత్రి తెరుస్తారు, చలికాలంలో పగలు తెరిచి రాత్రి మూస్తారు. ఒకే నీరు రెండు పనులూ చేస్తుంది. లెక్క కూడా చక్కగా కుదురుతుంది: 10 సెంటీమీటర్ల లోతు నీరు 5 డిగ్రీలు చల్లబడితే చదరపు మీటరుకు 0.58 యూనిట్లు, 60 వాట్ల చొప్పున రాత్రి పోయేది 0.6. కష్టమంతా జరిగే పలకల దగ్గరే. పట్టాలు బిగుసుకుంటాయి, సందులు సరిగా మూసుకోవు, సంచులు ఎండకు పెళుసెక్కి కారతాయి. పైగా 10 సెంటీమీటర్ల నీరంటే చదరపు మీటరుకు 100 కిలోలు. ఉన్న కప్పు మీద దీన్ని పెట్టే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించకుండా ఒక్క సంచి కూడా నింపవద్దు.

వెచ్చదనానికైతే నా ఓటు గోడకే. స్టీవ్ బేర్ 1970ల మొదట్లో న్యూ మెక్సికోలోని కొరాలెస్‌లో తన ఇంటికి కట్టిన గోడ దీనికి మంచి ఉదాహరణ: దక్షిణం వైపు గాజు, దాని వెనక పేర్చిన 55 గ్యాలన్ల డ్రమ్ముల నిండా నీళ్లు, గాజు వైపు ముఖాలకు నల్ల పెయింటు. బయట ఇన్సులేషన్ తలుపును పగలు నేల మీదికి దించితే దాని లోపలి అల్యూమినియం ముఖం ఎండను అదనంగా డ్రమ్ముల మీదికి విసురుతుంది, సాయంత్రం పైకి లాగితే గోడ మూసుకుంటుంది. 200 లీటర్ల డ్రమ్ము 10 డిగ్రీలు వేడెక్కితే 2.3 యూనిట్లు దాస్తుంది. ఫ్రాన్స్‌లో ట్రోంబ్ పేరు మీద ప్రసిద్ధమైన కాంక్రీటు గోడలా ఇది వేడిని సాయంత్రం దాకా ఆలస్యం చేయదు, ఎండ తగిలిన కాసేపటికే గదిలోకి వదలడం మొదలుపెడుతుంది. పగలు వాడే గదికి ఇది సుగుణం. రాత్రి మాత్రమే వాడే పడకగదికైతే డ్రమ్ముల గది వైపున పలచటి ఇన్సులేషన్ తెర వేసి, రాత్రి తీయవలసి వస్తుంది. దక్షిణార్ధగోళంలో ఉంటే గాజు ఉత్తరానికి ఉండాలి.

క్యాబినెట్‌నే వెచ్చగా ఉంచాలంటే అమరికను తలకిందులు చేయండి. నల్ల ఫలకాన్ని ట్యాంకు కంటే కింద పెట్టండి. పగలు వేడెక్కిన నీరు పైకి ఎక్కుతుంది, రాత్రి చల్లబడిన నీరు కిందే ఉండిపోతుంది. రెండూ కావాలంటే పైన తెల్ల రేడియేటర్, కింద నల్ల ఫలకం, మధ్యలో ఒకే ట్యాంకు, రుతువు మారినప్పుడు చేత్తో తిప్పే రెండు ఫుల్ బోర్ (లోపలి దారి పైపంత వెడల్పున్న) బాల్ వాల్వులు సరిపోతాయి. సన్నటి దారి ఉన్న చవక వాల్వులు వద్దు, కారణం పైపుల దగ్గర చెప్పినదే. ఫలకం వాల్వు మూసినా దాని వలయంలో నీరు వేడెక్కి వ్యాకోచిస్తుంది కాబట్టి వేసవిలో దాన్ని ఖాళీ చేయడమో, గుడ్డ కప్పడమో చేయాలి.

కట్టిన తరువాత పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ట్యాంకు పైన ఒకటి, అడుగున ఒకటి, రేడియేటర్ దిగువ పైపు మీద ఒకటి థర్మామీటర్లు పెట్టి, తెల్లవారడానికి గంట ముందు చూడండి. ట్యాంకు అడుగు చల్లగా, పైభాగం రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉండి, దిగువ పైపు ఉష్ణోగ్రత అడుగు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటే నీరు కదులుతున్నట్టే. దిగువ పైపు బాగా చల్లగా ఉండి ట్యాంకు మాత్రం నిన్న సాయంత్రం ఉన్నట్టే వెచ్చగా ఉంటే రేడియేటర్ తన పని చేస్తోంది, నీరే దిగి రావడం లేదు. అప్పుడు రేడియేటర్‌ను పెంచకండి, ఎగువ పైపులో గాలి ఎక్కడ ఆగిందో వెతకండి.